బిడ్డలూ భరోసా: మారిషస్‌లో జనన రేటు, 1950 నుంచి నేటి దాకా

(డాక్టర్ శ్రీపతి చంద్రశేఖర్ స్మారకోపన్యాసం)



శ్రీపతి చంద్రశేఖర్ గారు 1918లో ఈ రాజమహేంద్రవరంలోనే పుట్టారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి తిరిగివచ్చి, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లోనే మద్రాసులో జనాభా అధ్యయనాలకంటూ ఒక సంస్థను నెలకొల్పారు. 1957 నుంచి 'పాపులేషన్ రివ్యూ' పత్రికను నడిపారు. జనాభా అంటే పదేళ్లకోసారి తలలు లెక్కపెట్టడమేనని చదువుకున్నవాళ్లు కూడా అనుకునే రోజుల్లో, పుట్టుకకూ చావుకూ వలసకూ వెనక ఉన్న కారణాలను వెతకడం ఒక శాస్త్రమని ఆయన పట్టుబట్టి చెప్పారు. 1967 నుంచి 1970 దాకా కేంద్ర ప్రభుత్వంలో ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ శాఖ మంత్రిగా పనిచేశారు. నిరోధ్ కండోము పల్లెటూరి కిరాణా కొట్టు దాకా వెళ్లడం మొదలైంది ఆ కాలంలోనే. గర్భస్రావాన్ని చట్టబద్ధం చెయ్యాలని, అది పెదవి విప్పి మాట్లాడలేని విషయంగా ఉన్న రోజుల్లో ఆయన బహిరంగంగా వాదించారు. 2001లో కన్నుమూశారు. మారిషస్‌కు మనవాళ్ల వలస గురించీ ఆ ద్వీపపు జనాభా గురించీ ఆయన పుస్తకాలు రాశారు. అందుకే ఈ సాయంత్రానికి ఆ ద్వీపాన్నే ఎంచుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాచడం ఆయనకు గౌరవం కాదు. ముగ్గురు బిడ్డలున్న మగవాళ్లకు నిర్బంధంగా ఆపరేషన్ చేయాలన్న ఆలోచనను 1967లో మంత్రిగా ఆయన ముందుకు తెచ్చారు. ఆ మాటతో నేను విభేదిస్తున్నాను. విభేదించడానికి కావలసిన సాక్ష్యం ఆయన ఎంతో ఇష్టపడి పరిశీలించిన ద్వీపంలోనే ఉంది.

1

మారిషస్ చిన్న దేశం. ప్రధాన ద్వీపం విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. తూర్పున చాలా దూరంలో రోడ్రిగ్స్ అనే ఇంకో చిన్న దీవి ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వచ్చి స్థిరపడేదాకా అక్కడ మనుషులే లేరు. ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు, 1810 నుంచి ఇంగ్లీషువాళ్లు ఏలారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి 1834 నుంచి 20వ శతాబ్దం మొదలయ్యేదాకా సుమారు నాలుగున్నర లక్షల మందిని మన దేశం నుంచి తీసుకుపోయారు. వాళ్లలో మన గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవులో ఓడ ఎక్కినవాళ్లున్నారు. ఆ రేవు పేరు మీదనే అక్కడి తెలుగువాళ్లను చాలాకాలం కోరింగీలన్నారు. ఉగాది నేటికీ అక్కడ ప్రభుత్వ సెలవు దినం.

ఇక అంకెలు. 1861లో ద్వీప జనాభా సుమారు 3 లక్షల 10 వేలు. 1944లో 4 లక్షల 19 వేలు. ఎనభై మూడేళ్లలో పెరిగింది లక్షా పదివేలకు కాస్త అటూ ఇటూ. బిడ్డలు తక్కువగా పుట్టి కాదు. 1860లలో వచ్చిపడిన మలేరియా అక్కడే పాతుకుపోయి, పుట్టినవాళ్లను పుట్టినట్టే తీసుకుపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీతో దోమల మీద యుద్ధం చేసి, 1950లు మొదలయ్యేసరికి మలేరియాను దాదాపు తుడిచేశారు. సగటు ఆయుర్దాయం సుమారు 33 ఏళ్ల నుంచి ఒక్క దశాబ్దంలో 50 దాటింది. జననాలు మాత్రం వెయ్యికి దాదాపు 50 దగ్గరే నిలిచాయి. దాని ఫలితం 1962 జనాభా లెక్కల్లో కనిపించింది: 6 లక్షల 82 వేలు. మునుపు ఎనభై మూడేళ్లలో పెరిగినదానికి రెట్టింపు కన్నా ఎక్కువ, పద్దెనిమిదేళ్లలో పెరిగింది.

ఇద్దరు గొప్ప పండితులు ఈ పరిస్థితిని చూసి బెంబేలెత్తారు. ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ (తర్వాత 1977లో నోబెల్ పొందిన మీడ్) నాయకత్వంలో ఒక నివేదిక, రిచర్డ్ టిట్మస్ నాయకత్వంలో ఇంకొకటి 1961లో అచ్చయ్యాయి. ఎగుమతి అంతా పంచదారే, భూమి ఉన్నది అంతే, జనం మాత్రం ఏటా నూటికి మూడు చొప్పున పెరుగుతున్నారు, ఇక దారిద్ర్యం తప్పదన్నది వాళ్ల భయం. ఆ భయం పొరపాటని కొట్టిపారేయకండి. అదే వేగంతో పెరిగి ఉంటే 2000 నాటికి ఆ ద్వీపంలో ఇరవై లక్షలు దాటేవాళ్లు. నిజానికి దేశం మొత్తానికి పన్నెండు లక్షల లోపే ఉన్నారు. మిగతా ఎనిమిది లక్షలూ ఏమయ్యారన్నదే నా ప్రశ్న. కొంత వలస వల్ల తగ్గింది. ఎక్కువ భాగం పుట్టనే లేదు.

2

విద్యార్థులు ఇక్కడ ఒక తేడా గమనించాలి. వెయ్యి జనాభాకు ఏడాదిలో ఎన్ని జననాలన్నది స్థూల జనన రేటు. యువతీయువకులు పరదేశం వెళ్లిపోతే మిగిలిన ఆడవాళ్ల నడతలో మార్పేమీ లేకపోయినా అది తగ్గుతుంది. మారిషస్ నుంచి ఆ రోజుల్లో ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ ఆస్ట్రేలియాకూ వలస గట్టిగానే సాగింది కనుక, తగ్గుదల వలసదేనని ఎవరైనా అనవచ్చు. అందుకే ఆ రేటును పక్కనపెట్టి, ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున ఎంతమంది బిడ్డల్ని కంటుందన్న లెక్క, అంటే సంతానోత్పత్తి రేటు, చూడాలి. వయసుల పొందిక మారినా ఇది మోసం చెయ్యదు. 1962 ప్రాంతంలో అది దాదాపు ఆరు. పదేళ్లు గడిచి 1972 వచ్చేసరికి మూడున్నర లోపు. శాంతికాలంలో, ఎవరినీ నిర్బంధించకుండా అంత వేగంగా పడిపోవడం అంతకుముందు ప్రపంచంలో అరుదు.

ఈ పదేళ్లలో ఆ దేశంలో ఏం లేదో మొదట చూద్దాం. సంపద లేదు. తలసరి ఆదాయం కదలకుండా ఉంది. నిరుద్యోగం భయంకరంగా ఉంది. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చేనాటికి రాజధాని పోర్ట్ లూయీలో మతకలహాలు జరిగి రెండు నెలలు కూడా కాలేదు. ఎగుమతి పరిశ్రమల మండలి చట్టం వచ్చింది 1970లో. బట్టల ఫ్యాక్టరీల్లో వేలాది ఆడపిల్లలు కుట్టుమిషన్ల ముందు కూర్చున్నది ఆ తర్వాత, ముఖ్యంగా 1980లలో. హైస్కూలు చదువు అందరికీ ఉచితమైంది 1977 నుంచి. గర్భస్రావం 2012 దాకా నేరం. అభివృద్ధి వస్తే జననాలు వాటంతటవే తగ్గుతాయన్నది మన దేశం 1974లో బుఖారెస్టు జనాభా మహాసభలో వినిపించిన వాదం. మారిషస్ తేదీలు దానికి ఎదురు నిలబడుతున్నాయి. అక్కడ జననాలు ముందు తగ్గాయి, డబ్బు తర్వాత వచ్చింది. పని చేసే వయసువాళ్లు ఎక్కువగానూ, వాళ్ల మీద ఆధారపడ్డ పసివాళ్లు తక్కువగానూ ఉన్న సమయంలో ఆ ఫ్యాక్టరీలు వచ్చాయి కాబట్టే దేశం నిలదొక్కుకుంది.

సంపద లేకపోవడమే జననాలను తగ్గించిందేమో, ఉద్యోగం దొరక్క పెళ్లిళ్లు వాయిదా పడ్డాయేమో అని ఇంకో వాదన ఉంది. ఇందులో కొంత నిజం ఉంది. పెళ్లి వయసు ఆ పదేళ్లలో స్పష్టంగా పెరిగింది, తగ్గుదలలో మంచి వాటా దానిదే. కానీ పేదరికం ఆ ద్వీపానికి కొత్త కాదు. తోటల కూలీల బతుకులు అంతకుముందు వందేళ్లూ అంతకన్నా దుర్భరంగా ఉన్నాయి, అప్పుడు పెళ్లిళ్లు ఆగలేదు. పైగా 1960ల రెండో సగంలో పెళ్లయినవాళ్లలో, అందులోనూ ముప్పై దాటిన తల్లుల్లో జననాలు బాగా తగ్గాయి. ముగ్గురో నలుగురో బిడ్డలున్న ఇల్లాలు ఇక చాలనుకుంది. ఆ నిర్ణయాన్ని పెళ్లి వాయిదా వివరించలేదు.

3

మరి ఏమిటి కారణం? నా వాదన ఇది: ఆ కాలంలో అక్కడి కుటుంబానికి మునుపెన్నడూ లేని మూడు భరోసాలు దొరికాయి. మూడూ డబ్బు రాకముందే వచ్చాయి.

మొదటిది, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న భరోసా. 1940లలో వెయ్యిమంది శిశువుల్లో సుమారు 150 మంది తొలి పుట్టినరోజు చూడలేదు. 1960 నాటికి అది సగానికి పడిపోయింది. ఇద్దరు కొడుకులు మిగలాలంటే ఆరుగురిని కనాలన్న పాత లెక్క ఒక తరంలో చెల్లకుండా పోయింది. తల్లిదండ్రులు దీన్ని గణాంకాల పట్టికల్లో చదవలేదు, తమ వీధిలో చూశారు. గమనించడానికి పది పదిహేనేళ్లు పట్టింది కనుకనే చావులు తగ్గిన వెంటనే జననాలు తగ్గలేదు.

రెండోది, ముసలితనానికి భరోసా. దీని గురించి జనాభా పుస్తకాల్లో చాలా తక్కువ రాశారు. మారిషస్ ప్రభుత్వం 1950లోనే వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది. మొదట్లో ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకే ఇచ్చేది. 1958లో ఆ షరతు తీసేసి, ఆస్తి ఉన్నా లేకున్నా, కొడుకు ఉన్నా లేకున్నా వయసు వచ్చిన ప్రతివాళ్లకూ ఇచ్చింది. పంచదార తప్ప ఇంకేమీ లేని వలసపాలిత దేశం ఈ పని చేసింది. మొత్తం చిన్నదే. కానీ చెరకు కూలీ ముసలిదానికి నెలనెలా పోస్టాఫీసులో చేతికందే సొమ్ము కొడుకు దయ మీద ఆధారపడనిది. నాలుగో కొడుకు ఎందుకన్న ఆలోచనకు అది చోటిచ్చిందని నేను బలంగా నమ్ముతున్నాను. పింఛనుకూ జనన రేటుకూ గట్టి గణిత సంబంధం చూపించగలవా అని ఎవరైనా అడిగితే, ఒక్క ద్వీపంలో, ఒక్కసారి జరిగినదాన్ని విడదీసి తూకం వెయ్యడం కుదరదనే చెబుతాను. వరస మాత్రం స్పష్టం: 1958లో పింఛను, 1960లలో తగ్గుదల.

మూడోది, ఆడపిల్లకు బడి. ప్రాథమిక విద్య ఉచితం. తప్పనిసరి చేసింది 1991లోనే అయినా, 1960లలో మగపిల్లలతో దాదాపు సమానంగా ఆడపిల్లలు ప్రాథమిక పాఠశాలకు వెళ్తున్నారు. క్లినిక్కులో నర్సు చెప్పింది అర్థం చేసుకోవడానికి, తేదీలు రాసుకోవడానికి, మొగుడితో మాట్లాడడానికి, కూతురి పెళ్లి రెండేళ్లు ఆపమని అత్తవారితో వాదించడానికి ఆ నాలుగక్షరాలు సరిపోయాయి.

ఈ మూడూ ఉన్నా, బిడ్డలు చాలనుకున్న ఇల్లాలికి ఆ కోరిక తీరే దారి కూడా ఉండాలి కదా. ఇక్కడే ఆ దేశపు రాజకీయ విజ్ఞత కనిపిస్తుంది. జనాభాలో సుమారు సగం హిందువులు, నాలుగోవంతుకు పైగా క్యాథలిక్కులు, ఆరోవంతు దాకా ముస్లింలు, కొద్దిమంది చైనీయులు. పార్లమెంటులో ఎనిమిది అదనపు స్థానాలను మత సమూహాల జనసంఖ్యను బట్టి పంచే పద్ధతి రాజ్యాంగంలోనే ఉంది. అంటే తలల లెక్క నేరుగా అధికారపు లెక్క. మీవాళ్లు తగ్గితే మావాళ్లు గెలుస్తారన్న భయానికి ఇంతకన్నా సారవంతమైన నేల ఉండదు. 1957లో కుటుంబ నియంత్రణ సంఘం ఏర్పడినప్పుడు క్యాథలిక్ చర్చి గట్టిగా వ్యతిరేకించింది. ప్రభుత్వం చర్చితో కయ్యానికి దిగలేదు. 1963లో చర్చి అనుకూలుర చొరవతో 'ఆక్సియోఁ ఫామిలియాల్' అనే సంస్థ పుట్టి, ఋతుచక్రాన్ని గమనించి సంయమనం పాటించే పద్ధతిని జంటలకు నేర్పసాగింది. ప్రభుత్వం రెండు సంస్థలకూ నిధులిచ్చింది. మాత్ర కావాలన్నవాళ్లకు మాత్ర, వద్దన్నవాళ్లకు సహజ పద్ధతి. 1970ల మొదట్లో సంఘం క్లినిక్కులను ఆరోగ్యశాఖే తీసుకుంది. ఫలితంగా ఏ మతమూ వెనకబడలేదు. ఒకరికన్నా ఒకరు కొంత ముందూ వెనకా అయినా, అన్ని సమూహాల్లోనూ రేటు ఒకే దిశలో పడింది. మన దేశంలో ఫలానా మతంవాళ్లు జనాభా పెంచేస్తున్నారని వాట్సాప్‌లో పంపేవాళ్లు ఈ చరిత్ర చదవాలి. అధికారం సంఖ్య మీద ఆధారపడ్డ చోట కూడా ఆడవాళ్లు మతనాయకుల కోసం బిడ్డల్ని కనలేదు.

రోడ్రిగ్స్ మాట చెప్పాలి. అదే ప్రభుత్వం, అవే పింఛన్లు, అదే చట్టం. కానీ హైస్కూళ్లూ ఉద్యోగాలూ అక్కడికి ఆలస్యంగా చేరాయి. జనన రేటు కూడా ఆలస్యంగానే పడింది, నేటికీ ప్రధాన ద్వీపం కన్నా ఎక్కువగానే ఉంది. రాజధాని నుంచి వచ్చే ఆదేశం ఒక్కటే అయినా రెండు దీవులు రెండు వేగాలతో నడిచాయి.

4

ఇప్పుడు చంద్రశేఖర్ గారి నిర్బంధ ఆపరేషన్ వాదనకు వస్తాను. ఆయన తొందర అర్థం చేసుకోదగినది. 1967 అంటే బీహారు కరువు, అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూపు. ద్వీపానికి పది లక్షల లోపు జనం, మనకు యాభై కోట్లు. ఒప్పించే తీరిక అంత చిన్న దేశానికి ఉంటుంది కానీ మనకెక్కడిది అన్నది ఆయన పక్షాన అడగదగిన ప్రశ్నే.

దీనికి జవాబు మన దేశమే చెప్పింది. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలో ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. టీచర్లకు కోటాలు పెట్టారు, ఊళ్లను పోలీసులు చుట్టుముట్టారు. ఆ మరుసటి ఏడాది ఆపరేషన్లు పది లక్షల లోపుకు పడిపోయాయి, ప్రభుత్వం కూలింది. కుటుంబ నియంత్రణ అన్న మాటనే అధికారులు పలకలేక కుటుంబ సంక్షేమం అని మార్చుకున్నారు. నిర్బంధం సంపాదించిన ఏడాది కన్నా పోగొట్టిన ఏళ్లే ఎక్కువ. పోయింది మగవాడి బాధ్యత కూడా. ఆ దెబ్బతో వాసెక్టమీ మన దేశంలో మళ్లీ లేవలేదు, భారమంతా ఆడవాళ్ల మీద పడింది.

5

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మన ఇంట్లోనే ఉంది. దాన్ని దాటవేస్తే ఈ ఉపన్యాసానికి విలువ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1991లో చదవడం వచ్చిన ఆడవాళ్లు నూటికి 33 మంది. పెళ్లిళ్లు పదహారు, పదిహేడేళ్లకే. అయినా 1992-93లో జరిగిన తొలి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన సంతానోత్పత్తి రేటు 2.6 మాత్రమే. 2005-06 నాటికి 1.8. తాజాగా 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. బడీ లేదు, పెళ్లి ఆలస్యమూ లేదు, భరోసా సిద్ధాంతం ఇక్కడ ఏమైంది?

ఒకటి ఒప్పుకోవాలి. రెండు చోట్లా అంకె ఒకే దగ్గరకు వచ్చింది, దారులు వేరు. మారిషస్ స్త్రీ పెళ్లి ఆలస్యం చేసి, మాత్రో లూపో సహజ పద్ధతో వాడి, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం పెట్టింది. మన స్త్రీ పద్దెనిమిది రాకముందే పెళ్లాడి, వెంటవెంటనే ఇద్దరిని కని, ముప్పై నిండకముందే ఆపరేషన్ చేయించుకుంది. నేడు ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి కాన్పు వయసులో ఉన్న స్త్రీలలో నూటికి 70 మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. బిడ్డ బతుకుతుందన్న నమ్మకం మన పల్లెల్లోనూ వచ్చింది. రెండు రూపాయల బియ్యం, ఊరూరా బడి, తమ బిడ్డలు కూలికి కాక చదువుకు పోవాలన్న కోరిక మన తల్లులకూ ఉన్నాయి. తాను చదవకపోయినా కూతుర్ని చదివించాలనుకున్న తల్లి కూడా ఇద్దరితో ఆగింది. కాబట్టి భరోసా సిద్ధాంతం ఇక్కడ పూర్తిగా చెల్లకుండా పోలేదు. కానీ ఆ కోరిక తీరడానికి మనం ఆమెకు ఒకే ఒక్క దారి చూపించాం, అది వెనక్కి రాలేని దారి. ఈ తేడా ఫలితం నేడు కనబడుతోంది.

6

మారిషస్ కథ 1972తో ఆగలేదు. 1970ల చివర్లో తగ్గుదల కాస్త నిలిచింది. తర్వాత ఉచిత హైస్కూలు చదువూ ఫ్యాక్టరీ జీతాలూ కలిసి 1980ల నడుమ రేటును రెండు దగ్గరకు దించాయి. 1990 ప్రాంతంలో కొంచెం పైకి లేచింది. వాయిదా పడ్డ కాన్పులు అప్పుడు జరిగినందువల్ల అయి ఉండాలి. 2000 తర్వాత మళ్లీ పడి, 2010కి ఒకటిన్నర, ఇప్పుడు అంతకన్నా తక్కువగా ఉంది. ఒకప్పుడు ఏటా ఇరవై వేలకు పైగా పుట్టినచోట ఇప్పుడు పదమూడు వేల లోపు పుడుతున్నారు. జననాలూ మరణాలూ దాదాపు సరిసమానమయ్యాయి. 1958లో అందరికీ ఇచ్చిన ఆ పింఛను అర్హత వయసును 60 నుంచి క్రమంగా 65కు పెంచుతామని 2025 బడ్జెట్‌లో ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది.

ఇక్కడ సూటిగా ఆలోచించేవాళ్లు నన్ను నిలదీయవచ్చు. భరోసా పెరిగితే బిడ్డలు తగ్గారన్నారు, మరి ఇప్పటి ఆడపిల్లలు ఇల్లు కొనలేం, ఉద్యోగం ఉంటుందో లేదో, అందుకే వద్దంటున్నారు కదా, భరోసా లేకపోయినా బిడ్డలు తగ్గుతారా? తగ్గుతారు. ఇందులో వైరుధ్యం పైకి కనిపించేదే. 1950ల తోటకూలీ ఇంట్లో బిడ్డే భరోసా. ఇంకేదీ లేదు కనుక కష్టకాలంలో ఇంకొకరిని కనడం ఆమెకు ముందుచూపు. ఆ రక్షణ బడి నుంచీ ఆసుపత్రి నుంచీ పింఛను నుంచీ వచ్చాక బిడ్డ స్థానం మారింది. ఇప్పుడు బిడ్డ తల్లిదండ్రులు ఇష్టంతో నెత్తికెత్తుకునే బాధ్యత. ఫీజులు, ట్యూషన్లు, ఇరవై రెండేళ్ల పోషణ, తల్లి వదులుకునే జీతం, అన్నీ ఆ బాధ్యతలోవే. బాధ్యత తలకెత్తుకునేవాళ్లకు కాళ్ల కింద నేల గట్టిగా ఉండాలి. అందుకే మొదటి దశలో కాన్పులు తగ్గించిన భద్రతే రెండో దశలో లోపిస్తే కాన్పులు ఇంకా తగ్గుతాయి. దశను గుర్తించకుండా పాత మందునే తిరగేసి వాడితే రోగం కుదరదు.

ఆ తిరగేసే పని మనం మొదలుపెట్టాం. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం చేసుకున్నాం. 2024లో దాన్ని ఎత్తేశాం. ఎత్తేయడం మంచిదే. అది మొదటి నుంచీ పేద స్త్రీని సభ్యత్వానికి దూరం చేసిన నిబంధన. కానీ అంతటితో ఆగకుండా ఎక్కువమందిని కనండని వేదికల మీద నుంచి పిలుపులు వినిపిస్తున్నాయి. కనవద్దన్న పిలుపుకు ఆడవాళ్లు వాళ్ల కారణాలు వాళ్లకున్నప్పుడే స్పందించారు. కనమన్న పిలుపుకూ అంతే. దక్షిణ కొరియా ఏళ్ల తరబడి అపారంగా ఖర్చుపెట్టింది, 2018లో రేటు ఒకటి కన్నా కిందికి పడింది, 2023లో 0.72 అయింది. ఉదారంగా సెలవులూ శిశు సంరక్షణా ఇచ్చే స్వీడన్‌లో, ఫ్రాన్సులో కూడా ఈ మధ్య రేట్లు పడుతున్నాయి. ఏం చేసినా రెండుకు తిరిగి చేరతామని నేను మీకు మాట ఇవ్వలేను. పైగా పాతికేళ్లకే ఆపరేషన్ అయిన స్త్రీని మూడో బిడ్డ కోసం అడగడంలో అర్థం లేదు. ఆ తలుపు మూయించింది మన కార్యక్రమమే.

చేయగలిగినవి ఉన్నాయి, జనన రేటు కోసం కాకపోయినా చేయాల్సినవి. యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు. మన పారిశ్రామికవాడల్లో ఎన్ని చోట్ల అది నడుస్తోందో కార్మికశాఖ లెక్క చెప్పాలి. అంగన్‌వాడీ మధ్యాహ్నానికే మూస్తే కూలికి, ఫ్యాక్టరీకి పోయే తల్లికి అది సగం సాయమే, సాయంత్రం దాకా తెరిచి ఉంచాలి. ఆపరేషన్ ఒక్కటే కాకుండా ఎడం పెట్టే పద్ధతులన్నీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నిజంగా దొరకాలి, మగవాళ్లకూ చెప్పాలి. బిడ్డల్ని కనని, కనలేని ముసలివాళ్ల పింఛను ఎవరి దయ మీదా ఆధారపడకూడదు. విద్యార్థులకు ఒక విన్నపం. మారిషస్ గురించి ఇంత కచ్చితంగా మాట్లాడగలుగుతున్నామంటే అక్కడ జనన మరణాల నమోదు 19వ శతాబ్దం నుంచీ శ్రద్ధగా జరిగింది కనుక. మన జిల్లాల్లో ఏ వయసు తల్లి, ఎన్నో కాన్పు, ఎన్నేళ్ల ఎడం అన్న వివరాలు రిజిస్టర్లలో ఉన్నాయి, విశ్లేషించేవాళ్లు లేరు. మీ మండలంతో మొదలుపెట్టండి. తర్వాత ఆ రిజిస్టరులో పేరున్న తల్లుల దగ్గరకు వెళ్లి, మీకు ఎంతమంది కావాలనుకున్నారు, ఎందుకు ఆగారు అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి తీసుకురండి.